గోతి దగ్గర మేక చరిత్ర

మా లిబెరో బాబాయికి ఒకే ఒక్క జబ్బు. ఊళ్లో ఎవరు పోయినా గోతి దగ్గర నిలబడి, పోయినవాళ్లని పక్కన పెట్టి మా ఇస్ట్రియా సీమ చరిత్ర చెప్తాడు.

మా దగ్గర శవపేటిక దింపేముందు ఊరి తరఫున ఒకరు మాట్లాడాలి. తర్వాత ఎవరికి తోచింది వాళ్లు అనొచ్చు. బ్యాండు అందుకుందంటే మాత్రం ఇక ఎవరూ నోరెత్తకూడదు. ఆ బ్యాండులో బాకా ఊదేది నేనే. చలిలో బాకా పట్టుకుని నిలబడితే, ఆయన రోమన్లని సాగనంపేసరికి నా పెదాలు కొయ్యబారిపోతాయి. వెనీసు వాళ్లు దిగేసరికి అసలు పెదాలున్నాయో లేదో తెలియదు.

రొట్టెల జెమ్మా పోయినప్పుడూ అంతే.

"మన జెండా మీద మేక బంగారు రంగు. కొమ్ములూ గిట్టలూ ఎరుపు. ఎందుకెరుపు?" అని మొదలుపెట్టాడు.

"బాబాయ్, జెమ్మా సంగతి చెప్పు," అన్నాను మెల్లగా.

"వస్తున్నానయ్యా. ముందు ఆస్ట్రియా వాళ్లని పోనీ."

ఆస్ట్రియా పోయింది, ఇటలీ పోయింది, యుగోస్లావియా కూడా పోయింది. చివర్లో జెమ్మా పేరు ఒక్కసారి పలికి నాకు చెయ్యి ఊపాడు.

అసలే దిగులు ఊరు మాది. చలికాలమంతా పొగమంచు, సగం ఇళ్లకి తాళాలు. పెళ్లిళ్లు లేక మా బ్యాండు పెళ్లి పాటలు మరిచిపోయింది.

ఆ ఫిబ్రవరిలో మార్టిన్ పోయాడు. ద్రాక్షతోటల హద్దురాళ్లు జరిపి, సగం ఊరిని కోర్టుకి ఈడ్చిన మనిషి. పక్క తోట తుల్లియో వైన్ కొట్లో అందరిముందూ చాటాడు: "రేపు గోతి దగ్గరే, కూతురి ముందే వాణ్ణి కడిగిపారేస్తా!" వద్దనడానికి మాకెవరికీ నోరు రాలేదు. మా రాళ్లూ జరిగాయి మరి.

ఆ మాట ట్రీస్టే పట్నం నుంచి వచ్చిన మార్టిన్ కూతురు నెవియా చెవిన పడింది. పొద్దున్నే బాబాయి దగ్గరికి వచ్చింది. నేనక్కడే ఉన్నాను.

"మంచివాడని చెప్పమనను బాబాయ్. ఎవరూ తిట్టకుండా మట్టి పడితే చాలు."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "రోమన్లతో పోరాడిన మన ఎపులోన్ రాజు గురించి విన్నావా అమ్మా?"

ఆ పిల్ల మొహం వాడిపోయింది. ఈ మనిషికి సమయం సందర్భం లేదని ఒళ్లు మండింది.

సమాధుల దగ్గర ఉత్తరపు గాలి చెవులు కోస్తోంది. తుల్లియో ముందు వరసలో టోపీ నలుపుతున్నాడు. బాబాయి రోమన్లకంటే ముందునుంచే అందుకున్నాడు. వెనీసు వాళ్లని ఊరూరా తిప్పాడు. ప్లేగు తెచ్చాడు. మేక గిట్టల్ని విడివిడిగా వర్ణించాడు. పాదిరీ గారు ముక్కు తుడుచుకుంటున్నారు. వెనక వరస మెల్లగా జారుకుంది.

"ఇం... ఇంకెంతసేపు?" తుల్లియో పళ్లు టకటకలాడుతున్నాయి.

"నెపోలియన్ ఇంకా రాలేదు. కాస్త ఓపిక పట్టు."

నెపోలియన్ వచ్చాడు, పోయాడు. తుల్లియో నోరు తెరిస్తే ఆవిరి తప్ప మాట రాలేదు. అప్పుడు బాబాయి శవపేటిక వైపు తిరిగాడు.

"ఇన్ని రాజ్యాలు వచ్చి మన హద్దులు జరిపాయి. అందర్నీ భరించాం. మార్టిన్ మనవాడేగా," అని నాకు చెయ్యి ఊపాడు.

ఊదాను. వచ్చింది అపశ్రుతే గానీ, బ్యాండు మొదలైనట్టే లెక్క. తుల్లియో వంగి పిడికెడు మట్టి వేసి వెళ్లిపోయాడు.

తర్వాత వైన్ కొట్లో బాబాయిని నిలదీశాను. "అందరికీ ఆ మేక గోలేనా?"

"మనిషి గురించి చెప్పమంటే ఒకరికి గంట చాలదు, ఇంకొకరికి చెప్పడానికేమీ ఉండదు. ఆ తేడా వాళ్ల పిల్లలు నిలబడి వినాలా? చరిత్రయితే అందరికీ ఒకటే," అన్నాడు. ఇన్నేళ్లూ ఈయన్ని తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

నెవియా వచ్చి మా బల్ల దగ్గర కూర్చుంది. "మా నాన్న గురించి ఒక్క మాటతో సరిపెట్టేశారేం బాబాయ్?"

"ఇంకో మాట చెప్పమంటావా?"

"వద్దు వద్దు!" అని, ఊళ్లోకి వచ్చాక మొదటిసారి నవ్వి, ఆయన గ్లాసు నిండా వైన్ పోసింది.