అప్పకు అందని స్విచ్చి

మా అక్కను నేను అప్పా అని పిలుస్తాను. చిన్నప్పుడే పోలియో వచ్చి ఆమె రెండు కాళ్లూ పట్టు తప్పాయి. చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీద ఉద్దానం వైపున్న మా ఊరి నుంచి కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లేది. పప్పుకు పొట్టు తీసే పని. చలికాలంలో పని వదిలే వేళకే మసక పడిపోయేది. దారి పొడవునా లారీలు.

"ఒరే తమ్ముడా, బండెనకాల ఒక ఎర్ర లైటు పెట్టవా? నానున్నట్టు లారీలోలకి కనపడితే సాలు. సాయంత్రమైతే ఎవులో ఒకలు తోడు రావాల. నాకది బాగోదు" అంది ఒకరోజు.

అప్పటికే నేను టెక్కలిలో పని నేర్చుకుని, కాశీబుగ్గలో రేడియోలు, టార్చిలైట్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాను. ఎల్.ఇ.డి. బల్బులు అప్పుడప్పుడే దొరుకుతున్నాయి. రేపు మాపు అంటూ రెండు నెలలు తిప్పాను. ఆఖరికి ఒక ఆదివారం, పాత ఎమర్జెన్సీ లైటులో బాగున్న బ్యాటరీని తీసి, సీటు వెనక రేకు డబ్బాలో బిగించాను. ముందు తెల్లవి నాలుగు, వెనక ఎర్రవి ఆరు. వైరు కలిసొస్తుందని స్విచ్చి కూడా ఆ డబ్బాకే పెట్టాను. వెలిగించి చూపిస్తే వీధివాళ్లు చేరారు.

"అమ్మోరి ఊరేగింపులాగుందే!" అని ఎదురింటి వదిన నవ్వింది. అప్ప కూడా నవ్వింది.

రోజూ నేను కొట్టు మూసి వచ్చేసరికి అప్ప ఇంట్లోనే ఉండేది. ఒకరోజు త్వరగా మూసి ఫ్యాక్టరీ దగ్గరికి వెళ్లాను. లైట్లు లేకుండానే బయలుదేరింది. తోటి పనిచేసే ఒకామె పక్కనే తోడుగా నడుస్తోంది. బయటికొస్తున్న ఆడవాళ్లందరి ముందూ కేకలేశాను.

"ఆదివారం పూట కూకుని సేసినాను. నీకు లెక్కే నేదు. లారీ గుద్దితేగాని బుద్ధి రాదేటి?"

"మర్సిపోనాన్రా" అంది తల వంచుకుని.

తరువాతి వారం బండి చైను తెగింది. బాగుచేయించి తెచ్చే పని నామీద పడింది. తోసుకుంటూ రావడానికి బద్ధకించి ఎక్కి తిప్పుకుంటూ వచ్చాను. దారిలో చీకటి పడింది. కూర్చున్న చోటు నుంచే స్విచ్చి కోసం చెయ్యి వెనక్కి చాపాను. అందలేదు. ఒళ్లంతా మెలితిప్పినా అందలేదు. సరేనని దిగి, వెనక్కి నడిచి నొక్కాను. ఎర్ర వెలుగు నా కాళ్ల మీద పడింది. అక్కడే నిలబడిపోయాను.

"ఎందుకు సెప్పనేదప్పా?" అన్నాను ఇంటికొచ్చి.

"నువ్వంత సరదాగా సేసినావు, వంక పెట్టబుద్ధి కానేదు. మొదట్ల ఆలనీ ఈలనీ నొక్కమన్నాను. రోజూ ఒకల్ని బతిమాలడానికి లైటెందుకురా?"

అప్పటికప్పుడే పొడుగు వైరు లాగి, స్విచ్చిని ఆమె కుడిచేతి పక్కకు మార్చాను. నొక్కింది, ఆర్పింది, మళ్లీ నొక్కింది.

"బేటరీ అయిపోద్దప్పా."

"అయిపోతే నువ్వు నేవేటి?"

మర్నాడు సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లాను. ఆ ఆడవాళ్ల ముందే తప్పు నాదని చెప్పాలనుకున్నాను. అప్ప వచ్చి లైట్లు వేసుకుంది. తోడొచ్చే ఆమెతో "నువ్వెల్లిపోవే, నానెల్లిపోతాను" అంది.

"తమ్ముడంటే నీ తమ్ముడే!" అన్నారు వాళ్లు.

ఆ మెచ్చుకోలు పుచ్చుకుని ఊరుకున్నాను. అప్ప నా వైపు ఒకసారి చూసి బండి తిప్పింది. కొబ్బరితోట మలుపు దాకా ఎర్ర దీపం కనబడింది. ఆరోజు గేటు దగ్గర అనాల్సిన మాట ఇన్నేళ్లకు ఇక్కడ రాస్తున్నాను.