నికెల్ ముక్కకు చిల్లు

ఆ చిల్లు నేనే పెట్టించాను. ఈ ఒక్క మాట ఆ రోజే చెప్పేసి ఉంటే, ఒక పెద్దమనిషి తన కళ్ళను తానే అనుమానించుకుంటూ ఇరవై ఆరేళ్ళు గడిపేవాడు కాదు. నేను చెప్పలేదు. చెప్పకపోగా, ఆయన కుర్చీలో కూర్చున్నాను.

అమీర్‌పేటలో ఇంకా మెట్రో స్తంభాలు లేవప్పటికి. మా వైపు కుర్రాళ్ళంతా కంప్యూటర్ కోర్సుల కోసం అక్కడ దిగుతుంటే, నేను ఒక కస్టమ్స్ ఏజెంటు ఆఫీసులో గుమాస్తాగా కుదిరాను. (కోర్సులో కూడా చేరాను. మూడో వారానికల్లా అదీ నేనూ ఒకరినొకరం వదిలేసుకున్నాం.) కాపురం మధురానగర్ హాస్టల్లో, ఆరుగురితో ఒకే గదిలో. ఆఫీసు పంజాగుట్ట వెళ్ళే రోడ్డు మీద, ఒక చెప్పుల కొట్టు పైన. విదేశాల నుంచి సరుకు తెప్పించుకునేవాళ్ళకు కాగితాలు తయారుచేసి పెట్టడం మా పని. ప్రపంచంలో ఉన్న ప్రతి వస్తువుకూ సుంకాల పుస్తకంలో ఒక నంబరు ఉంటుంది. నంబరును బట్టి సుంకం. ఏ వస్తువుకు ఏ నంబరో తేల్చేవాడే మా ఆఫీసుకు ప్రాణం, ఆ మనిషిని అందరూ టారిఫ్ భాయ్ అనేవారు.

భాయ్‌ది ఎర్రమంజిల్. యాభై దగ్గరపడినా కళ్ళజోడు లేదు, అదే ఆయన గర్వం. మా బాల్కనీలో నిలబడి, చౌరస్తా అవతల ఉన్న బస్సు నంబరు చెప్పి, అది వచ్చేదాకా మమ్మల్ని నిలబెట్టేవాడు. ఏ నమూనా వచ్చినా ముందు అరచేతిలో పెట్టుకుని కాసేపు అటూ ఇటూ తిప్పేవాడు. నేను పుస్తకం తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "పుస్తకం ఎటు పోతది చిన్నా? ముందుగాల సామాను చూడు. అది ఏందో అదే చెప్తది."

నేను చేరి నెల కాకముందు, లోహాలకు పూత పూసే ఫ్యాక్టరీ ఒకటి విదేశం నుంచి నికెల్ ముక్కలు తెప్పించింది. అగ్గిపెట్టెలో పట్టేంత చదరపు బిళ్ళలు. భాయ్ ఒకటి చేతిలోకి తీసుకుని నాకు పాఠం చెప్పాడు. "గిది పచ్చి నికెల్. పెద్ద పలకను కోసిండ్రు, అంతే. సుంకం తక్కువ. గదే పూత తొట్టిల వేలాడదీసేటందుకు ఒక్క చిల్లు పెట్టిండ్రనుకో, ఇగ అది తయారైన సామాను. నంబరు మారుతది, సుంకం పెరుగుతది. సమజైందా?"

"సమజైంది భాయ్" అన్నాను. (ఆ సమయంలో నా చూపు కిటికీ కింద మిర్చి బజ్జీల బండి మీద ఉంది. రెండో వాయి దింపుతున్నారు.)

చిల్లులు, కొక్కేలు లేని ముడి నికెల్ అని భాయ్ స్వయంగా రాసి సంతకం పెట్టాడు. నమూనా ముక్కను నా బల్ల మీద పెట్టి, దానికి పేరు చీటీ అంటించి కవరులో పెట్టమని చెప్పి నమాజుకు వెళ్ళాడు. అంటించాను, ఊడింది. మళ్ళీ అంటించాను, మళ్ళీ ఊడింది. అద్దంలా మెరిసే లోహం మీద మా ఆఫీసు జిగురు నిలవలేదు. అప్పుడు నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. వెనక సందులో కిటికీ గ్రిల్స్ చేసే దుకాణం ఉంది. పరుగున వెళ్ళాను.

"అన్నా, దీనికొక చిన్న చిల్లు పెట్టవా?"

"ఏందిది, తాయెత్తా?" అని నవ్వి, డ్రిల్లింగు మిషన్ కింద పెట్టి నిమిషంలో పని కానిచ్చాడు. ఎర్ర దారం ఎక్కించి, గుండ్రటి అక్షరాలతో చీటీ రాసి కట్టాను. ఎంత ముచ్చటగా ఉందో! కవరు మూసి, భాయ్ మెచ్చుకుంటాడని ఎదురుచూశాను.

మర్నాడు కస్టమ్స్ అధికారి ఆ కవరు తెరిచాడు. దారం పట్టుకుని ముక్కను గాల్లోకి లేపాడు. "చిల్లులు లేవని రాశారు. మరి ఇదేంటండీ?"

భాయ్ దాన్ని అందుకుని అరచేతిలో పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. "నేను చూసినప్పుడు లేకుండె సార్."

"అంటే దారిలో పడిందా?" అన్నాడు అధికారి. గదిలో నలుగురూ నవ్వారు.

భాయ్ నా వైపు తిరిగాడు. "చిన్నా, నువ్వు చీటీ కట్టినప్పుడు చిల్లు ఉండెనా?"

బజ్జీల బండిని చూస్తూ విన్న పాఠం మొత్తం అప్పుడు నాకు సమజైంది. ఉద్యోగం పోతే ఊరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? నోరు దానంతటదే తెరుచుకుంది. "ఉంది భాయ్. ఉంటేనే కదా దారం కట్టాను."

పెట్టెలన్నీ విప్పించారు. నాలుగు రోజులు పట్టింది. ఒక్క ముక్కకూ చిల్లు లేదు. ఏదో ఒక బిళ్ళ పొరపాటున కలిసిందనుకుని సరుకు వదిలేశారు. అందరూ మరిచిపోయారు, భాయ్ తప్ప. ఆ వారమే ఆయన పంజాగుట్టలో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆ వయసులో ఎవరికైనా ఉండే చిన్న పవరే తేలింది. కళ్ళజోడు పెట్టుకుని వచ్చి, "జర నువ్వు సుత చూడు" అంటూ ప్రతి కాగితం నా ముందు పెట్టడం మొదలుపెట్టాడు. బాల్కనీలోకి రావడం మానేశాడు. ఏడాది తిరక్కుండానే మా యజమానితో తనే అన్నాడు: "నంబర్ల పని ఇగ చిన్నకియ్యండి సార్. వాని కండ్లు మంచిగున్నయి. ఆ చిల్లు నాకు కనబడలే, వానికి కనబడ్డది."

"ఏంటయ్యా, చెయ్యగలవా?" అన్నారు యజమాని.

చెయ్యగలనన్నాను. భాయ్ రిటైరయ్యేదాకా టపా చూసుకున్నాడు.

మొన్నామధ్య మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె గొట్టాలను కడ్డీల నంబరు కింద వేసింది. ఎవరూ అడగకుండానే నా గదిలోకొచ్చి, "సార్, అది నా తప్పే" అని చెప్పి, టీ తాగడానికి వెళ్ళిపోయింది. అర నిమిషం పట్టింది ఆమెకు. నేను లేచి ఎర్రమంజిల్‌కు ఆటో ఎక్కాను.

భాయ్ వరండాలో కూర్చుని ఉన్నాడు. బాగా సన్నబడ్డాడు. నన్ను చూసి "అరే చిన్నా!" అన్నాడు (నా జుట్టు సగం నెరిసింది). కుశల ప్రశ్నలు మొదలైతే నా ధైర్యం పోతుందని నిలబడే చెప్పేశాను. జిగురు, గ్రిల్స్ దుకాణం, దారం, అబద్ధం, అన్నీ.

ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, "చిల్లు మంచిగనే పెట్టిండు వాడు. అంచులు సాఫ్ ఉండె" అన్నాడు. లోపలికి తిరిగి కేకేశాడు. "అజీ, జర ఇధర్ ఆవ్!"

ఆయన భార్య, మా అందరికీ భాభీ, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇన్నేండ్ల సంది నన్ను ఒక్కణ్ని రోడ్డు దాటనియ్యదు. గంత చిల్లు కనబడని మనిషివి, నీకు బండ్లేం కనబడతయి అంటది" అన్నాడు నాతో. "ఆమెకు చెప్పు. మొత్తం చెప్పు. జర జోర్‌గ, చెవులు తక్కువైనయి."

చేతులు కట్టుకుని నిలబడ్డాను. "భాభీ, ఆ రోజు భాయ్ కళ్ళు సరిగ్గానే చూశాయి. చిల్లు లేదు. తర్వాత నేను పెట్టించి, ముందే ఉందని అబద్ధం చెప్పాను. నన్ను క్షమించండి."

"క్యా?" అంది భాభీ, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

నా ఇరవై రెండేళ్ళ వయసులో గొంతు దాటని ఆ మాటను మళ్ళీ మొదటి నుంచి, ఎదురింటివాళ్ళు కిటికీ తెరిచి చూసేంత గట్టిగా చెప్పాను.