చింతపండు నీళ్లలో విరిగిన రంగు

1981, ఈస్టర్‌కు ముందు శనివారం, పొద్దున తొమ్మిది గంటలు. నా భార్య పుట్టినూరు ఆళ్లగడ్డలో, సమాధుల తోటలో ఆమె సమాధి రాయి ముందు కూర్చుని డబ్బాలో ఎర్ర రంగు కలిపాను. కలిపిన కాసేపటికే విరిగిపోయింది.

ఆ రాయి మీద మూడేళ్లుగా పేరు లేదు. ఆమెను పాతిపెట్టిన రోజు "పేరు నేనే రాస్తా" అనేశాను. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. నంద్యాల రైసు మిల్లులో మూటలు మోసేవాణ్ణి. ఆమె చదువుకున్న మనిషి. రోజూ బైబిలు పైకి చదివేది, నేను గోడకు తిరిగి పడుకునేవాణ్ణి. ఆమె పోయాక ఇంట్లో గొంతే లేదు. నలభై ఆరేళ్లకు రాత్రి బడిలో పలక పట్టాను. ఆమె పేరు తప్పు లేకుండా రాయడానికి రెండేళ్లు పట్టింది. చెప్పుకోవడానికి నాకు సిగ్గేం లేదు.

ఈస్టర్ తెల్లవారుజామున సంఘమంతా కొవ్వొత్తులతో సమాధుల దగ్గరికి వస్తుంది. ఆమె అన్న ముందే చెప్పాడు: "మూడేండ్లాయ బావా. ఈసారి గూడా రాయి బోడిగా ఉంటే నేనే పెయింటర్‌ను పిల్చకొస్తా. నువ్వు పలక దిద్దుకుంటా కూచో." నాకు మిగిలింది ఆ ఒక్క రోజే.

రాయి పాచి పట్టి నల్లబడి ఉంది. ఇత్తడి చెంబులు తోమేది చింతపండుతోనే కదా అని రాయినీ దాంతోనే రుద్దాను. మిగిలిన పుల్లనీళ్లు పారబోయబుద్ధి కాలేదు. తోటలో బావి లేదు, నీళ్లు మోసుకురావాలి. అందులోనే ఎర్ర ఆక్సైడు పొడి పోసి, చిటికెడు తుమ్మబంక చల్లి కలిపాను. పొడి ముద్దలు కట్టి అడుక్కు పోయింది, పైన తేటనీళ్లు నిలిచాయి. పుల్లతో రాయి మీద గీస్తే ఇసుక గీసినట్టుంది. ఆరాక ఊదితే లేచిపోయింది.

తోట ఊడుస్తున్న కాపలా ముసలామె వచ్చి డబ్బాలోకి తొంగిచూసింది. "ఏందప్పా, రంగు కలపమంటే రసం కాంచినావే?"

"నవ్వద్దవ్వా. ఏం చేయల్లనో చెప్పు."

"నాకేం తెలుసు? శిల్పాలు చెక్కేటోళ్లకు పొడులమ్మే శెట్టి ఉండాడు బజార్లో. బేగా పో."

డబ్బా పట్టుకునే పోయాను. శెట్టి వాసన చూశాడు.

"చింతపండా? బంక ఎంతేసినావ్?"

"చిటికెడు."

"చిటికెడు ఏసేదానికన్నా ఎయ్యకపోయేదే మేలు. ఇనుకో. పొడి నీళ్లల్లో నిలవాలంటే ప్రతి నలుసుకూ బంక చొక్కా తొడగల్ల. చొక్కాలు చాలకపోతే నాలుగు నలుసులు ఒకే చొక్కాలో దూరి ముద్దై మునుగుతాయి. అది చాలదని పులుపు పోసినావు. పులుపు తగిల్తే బంక ముడుచుకుంటాది. ఇంగ పాలు ఇరిగినట్టే."

"మల్ల?"

"డబ్బా బాగా కడుగు. మంచినీళ్లల్లో బంక నానబెట్టు, చిక్కగా రావల్ల. దాంట్లో పొడి కొంచెం కొంచెంగా ఏసి నూరు." కొత్త పొట్లాలు చేతిలో పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "ఇంత తిప్పలెందుకు, ఆయిల్ పెయింట్ తీస్కపోరాదా? పదేండ్లుంటాది. ఈ బంకరంగు ఒక్క వానకాలంలో పోతాది."

"తెలుసులే శెట్టీ."

బంక నానేసరికి మధ్యాహ్నం దాటింది. అవ్వ అన్నానికి పోయింది. ఎండలో రాయీ నేనూ మిగిలాం. మాట్లాడే మనిషి లేక ఆమె పేరులోని అక్షరాలే ఒక్కొక్కటి పైకి అనుకుంటూ కూర్చున్నాను. నూరిన రంగును మాటిమాటికీ పుల్లతో అడుగు దాకా తడిమి చూశాను. అడుక్కు దిగలేదు. అప్పుడు రాశాను. అక్షరాలు పక్కకు ఒరిగాయి గానీ, ఆరాక ఊదితే లేవలేదు.

తెల్లారి అందరూ వచ్చి ఎవరి సమాధి దగ్గర వాళ్లు నిలబడ్డారు. ఆమె అన్న కొవ్వొత్తి ఎత్తి చదివాడు. "వంకరగా ఉంది బావా" అన్నాడు. పెయింటర్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆయిల్ పెయింట్ సంగతి నంద్యాలలో బస్సెక్కకముందే నాకు తెలుసు. ఆమె పోయాక ఆళ్లగడ్డలో నన్ను రమ్మనేవాళ్లు లేరు. పేరు వానకు పోతే ఏడాదికొక శనివారమైనా అక్కడ నాకు పని ఉంటుంది.

ఆ శనివారం నాతో మాట్లాడింది కాపలా అవ్వ, బజారులో శెట్టి, అంతే. మధ్యాహ్నం తర్వాత నేనూ, ఆమె పేరూ.