ఎవరూ పాడకూడని వేలం

మైదుకూరు ఓబులేసుకు ఒకటే పిచ్చి. ఎవరి పేరు చెవిన పడినా దాన్ని ఇంటర్నెట్‌లో కొనేస్తాడు. ఇక ఆ పేరుతో ఇంకెవరూ వెబ్‌సైట్ పెట్టుకోలేరు. అలా కొన్న పేరునే డొమైన్ అంటారు. పెళ్లికి పోతే అక్షింతలు వేయకముందే వధూవరుల పేర్లు కొంటాడు. చావుకు పోతే, పోయినాయన అంగడి పేరేమిటని పక్కవాళ్ల చెవిలో అడుగుతాడు. కొన్న ప్రతి పేరునూ ఆన్‌లైన్ వేలానికి పెడతాడు. ఒక్కటీ అమ్ముడుపోదు.

ఈ మనిషితో సంసారం మధులతది. పసుపు మిల్లు పైన బాడుగ గది. ఉతికిన బట్టలు పచ్చన, వండిన అన్నం పచ్చన, దగ్గినా పచ్చనే. మిల్లుకు దూరంగా ఒక ఇల్లు, అదొక్కటే ఆమె అడిగింది. మీ ఆయనేం చేస్తాడని ఎవరైనా అడిగితే ఆమెకు నోరంతా చేదయ్యేది. ఆమె అక్క మనవరాలి నామకరణానికి వీళ్లను పిలవనే లేదు. పేరు బిడ్డ చెవిన పడేలోపే ఈయన కొనేస్తాడని వాళ్ల భయం.

అలాంటిది ఒక పేరుకు నిజంగానే పాట లేచింది. గిడ్డమ్మ ఉగ్గాని. గిడ్డమ్మ ఆత్మకూరు బస్టాండు దగ్గర బండి మీద బొరుగుల ఉగ్గాని, బజ్జీ అమ్ముకునే ముసలామె. పేరు బాగుందని ఊరూరా హోటళ్లు పెట్టే పట్నం కంపెనీ ఒకటి పాట పెంచుకుంటూ పోయింది. ఆ ధరకు ఇల్లు వస్తుంది. మధులత ఆ రోజు మొగుడికి అడగకుండానే మారు వడ్డించింది. ఆయన మాత్రం పెళ్లాం పోయినవాడిలా కూర్చున్నాడు.

అనుమానమొచ్చి ఆమె వేలం పేజీ తెరిచింది. పేరు కింద ఓబులేసే రాసిపెట్టాడు: 'ఇది గిడ్డమ్మ పేరు. ఆమె బండి ఇంకా నడుస్తా ఉండాది. దయచేసి ఎవరూ పాడొద్దు.' మిగతా పేర్ల కిందా ఇదే వరస.

"అమ్మేవాడివి, పాడొద్దని రాస్తావా? మరి వేలానికి పెట్టేదెందుకు?"

ఓబులేసు తల వంచుకున్నాడు. "మా ఊర్లో చింతకాయ వేలమేసేటప్పుడు, దిక్కులేని ఆడమనిషి పాడితే ఆమె మింద ఇంకెవురూ పాడరు మధూ. ఊరంతా గమ్మునుంటేనే ఆ చెట్టు ఆమెదైనట్టు. ఈ ఇంటర్నెట్టోళ్లూ గమ్మునుంటే ఆ పేరు గిడ్డమ్మదైనట్టే అనుకుంటి."

లోకమంతా తన ఊరి చింతతోపే అనుకున్న మనిషిని ఆమె ఎగాదిగా చూసింది. మనవాళ్ల పేర్లు బయటివాడి పాలు కాకూడదనే కొంటున్నానని ఆయన గొణిగాడు. ఈ పేరు కంపెనీకి పోతే, రేపు గిడ్డమ్మనే ఆ పేరు తీసేయమంటారట.

"అయినా నువ్వు నాతో శానా పడినావు. అమ్మేస్తాలే" అని బటన్ నొక్కాడు. ఇక ఓటీపీ కొడితే అమ్మకం ఖాయం, కొట్టకపోతే పాట రద్దు. అది వచ్చేది మధులత ఫోన్‌కే.

వచ్చింది. ఆమె ఆ అంకెలను చాలాసేపు చూసింది. ఈ మనిషిని కట్టుకున్న రోజును మనసారా తిట్టుకుంది.

"రాలేదు" అంది.

"ఇంకోసారి పంపమందునా?"

"ఎన్నిసార్లు పంపినా రాదు. అన్నం తిను."

ఫోన్ ఆమె చేతిలో మళ్లీ టింగుమంది. ఓబులేసు విననట్టే ముద్ద కలుపుకున్నాడు.