ఎల్బీనగర్ బస్సు వదిలేసిన మధ్యాహ్నం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా ఆడపడుచు కమల, పాతికేళ్ల పెళ్లిరోజుకి రమ్మంటే విజయవాడ నుంచి మావారూ నేనూ తెల్లవారుజాము బస్సులో బయల్దేరాం. ఆరు గంటల ప్రయాణం. ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కితే మూడో స్టేషనే దిల్‌సుఖ్‌నగర్. పదకొండున్నరకల్లా కమల ఇంట్లో ఉన్నాం.

భోజనానికి ముందు కమల భర్త రెడ్ వైన్ సీసా తెరిచారు. ఎప్పుడోగానీ తాగని మావారు ఆ రోజు రెండు గ్లాసులు తాగారు. బిర్యానీ వడ్డించేసరికి ముఖం ఎర్రబడి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకు కూర్చున్నారు. అడిగితే గ్యాస్ అన్నారు. కమల మజ్జిగ ఇచ్చింది. నాలుగింటి బస్సుకి టికెట్లున్నాయని, మెల్లగా బయల్దేరదామని ఆయనే తొందరపెట్టారు. మెట్రో మెట్లు ఎక్కలేనంటే నూట యాభైకి ఆటో మాట్లాడాను.

కొత్తపేట ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఆయన ఊపిరిలో పిల్లికూతలు వినిపించాయి. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. "బస్సెక్కి పడుకుంటే... తగ్గిపోద్దిలే," అన్నారు.

డ్రైవర్ వెనక్కి తిరిగాడు. "అమ్మా, జర జల్ది చెప్పుండ్రి. బస్సుల కాడికా, దవాఖానకా? గీ సిగ్నల్ దాటితే మల్ల తిరుగుడు కష్టం."

"దవాఖానకే పోనియ్యి," అన్నాను. మావారు వాదిస్తారనుకున్నాను. వాదించకుండా నా చెయ్యి పట్టుకున్నారు. నాకు అప్పుడే నిజంగా భయమేసింది.

ఆసుపత్రిలో వెంటనే ఈసీజీ తీశారు, రక్తపరీక్ష చేశారు, ముక్కుకి మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టారు. అరగంటకి ఊపిరి కుదురుకుంది. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదా అని డాక్టరమ్మ అడిగితే, బడి రోజుల్లో ఉండేదని ఒప్పుకున్నారు.

"గుండె బాగుంది. వైన్ వల్ల ఉబ్బసం మళ్లీ లేచినట్టుంది," అందావిడ. "కానీ పరీక్షలు చేశాకే నేనైనా ఈ మాట చెప్పగలిగాను. బస్సులో ఉంటే మీకెవరు చెప్పేవాళ్లు?"

చీకటి పడకముందే ఇన్‌హేలరుతో కమల ఇంటికి తిరిగొచ్చి, మర్నాడు పొద్దున బస్సెక్కాం. సూర్యాపేట దగ్గర టీకి ఆగినప్పుడు, ఇక వైన్ జోలికి పోనని ఆయనంతట ఆయనే అన్నారు. ఇన్నేళ్లుగా మా ఇంట్లో ప్రయాణం నిర్ణయాలన్నీ ఆయనవే. ఆ సిగ్నల్ దగ్గర మాత్రం నేను చెప్పాను, సరిగ్గానే చెప్పాను.

మీకు ఒక్క సలహా: తాగాక ఛాతీ పట్టేసినా, ఊపిరి ఆడకపోయినా గ్యాస్ అని మీకు మీరే తేల్చుకోకండి. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. ఎల్బీనగర్ నుంచి విజయవాడకి బస్సులు రోజంతా ఉంటాయి.