'నీకు ముందర ఎవురు?' అని అడిగిన మద్దిలేటి

మైక్‌సెట్ మద్దిలేటి ఇక లేడు. కర్నూలు ఆసుపత్రి నుంచి డ్రమ్స్ వాయించే అమ్మాయి శైలజ ఫోను చేసి, "సార్, అన్న పోయినాడు" అన్నప్పుడు నేను కడపలో మా కళాశాల వరండాలో ఉన్నాను. పుట్టినవాడు గిట్టక తప్పదని ఏళ్ల తరబడి పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. ఆ పాఠంలో ఒక్క ముక్క కూడా నాకు అక్కరకు రాలేదు. ఎందుకంటే ఆయనది ఆయువు తీరిన మరణం కాదు, హత్య. పత్రికలవాళ్లు "పెళ్లి ఊరేగింపులో ఘర్షణ, ఒకరి మృతి" అని ఓ మూల వేసి చేతులు దులుపుకున్నారు. ఆ ఒకరు ఎవరో తెలియాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కోయిలకుంట్ల బస్టాండు వెనక రేకుల కొట్టులో ఆయన మైక్‌సెట్ అద్దెకిచ్చేవాడు. పెళ్లికి, తిరునాళకు, చావుకు, ఎన్నికలకు అన్నిటికీ ఆయనే. లోకం ఆయన్ను సినిమా పాటలు వేసే మనిషిగానే ఎరుగును. ఆయన చెవి మాత్రం ఎప్పుడూ వేరే చోట ఉండేది. పెళ్లివారు భోజనాలకు లేవగానే, బీడీలు ముట్టించుకుని ఓ వారగా కూర్చునే బ్యాండుమేళం వాళ్ల దగ్గరకు చేరేవాడు. క్లారినెట్ ఊదేవాడు, డోలు కొట్టేవాడు, తత్వాలు పాడుకుంటూ అడుక్కునేవాడు, ఎవరు దొరికినా మొదట్లో టేప్‌రికార్డరులో, తర్వాత సెల్‌ఫోనులో పట్టేవాడు. ఆనక ఒకటే ప్రశ్న: "నీకు ముందర ఎవురప్పా?" అంటే, నువ్వు ఎవరిని విని ఇది నేర్చుకున్నావని. వాడొక పేరు చెబితే, మోపెడెక్కి ఆ పేరును వెతుక్కుంటూ పోయేవాడు. ఆ పేరుగల మనిషి బతికుంటే ఆయన్నీ అదే అడిగేవాడు.

"ఎందుకన్నా నీకీ తిరుగుడు? పాట బాగుంది, విన్నావు, చాలదా?" అని ఒకసారి విసుక్కున్నాను. ఆయన నవ్వి ఇలా అన్నాడు. "వంకలో నీళ్లొచ్చినాయంటే పైన యాడో వాన పడిండాది సారూ. తాగినోడు ఆ వాన యాడ పడిందో చూసి రావల్ల గదా!"

ఆయన సాధుమూర్తి అని మాత్రం ఎవరూ పొరబడకూడదు. కోపం ముక్కుమీదే ఉండేది. ఒక పెళ్లిలో తాగొచ్చిన మగపెళ్లివాడొకడు మేళగాడి డోలును కాలితో తన్నాడు. మద్దిలేటి వైర్లన్నీ పీకేసి, పందిరి మొత్తం మూగబోయాక, వెళ్లి వాడి చెంప ఛెళ్లుమనిపించాడు. తర్వాత వాళ్లంతా కలిసి ఈయన్ను కుళ్లబొడిచారనుకోండి. చూడబోతే ముందు పన్ను లేదు, పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. "పన్ను పోతే పోయింది సారూ, డోలు చినగలే" అన్నాడు. అలాంటి మనిషిని ఇంకొకణ్ణి నేను చూడలేదు, ఇక చూడను కూడా.

శైలజ కడపలో ఒక మగ్గం నేసే ఇంటి పిల్ల. ఇద్దరు స్నేహితులతో కలిసి బ్యాండు పెట్టుకుని, తాను డ్రమ్స్ వాయిస్తుంది. వాళ్లు ఫోనులో పట్టి యూట్యూబులో పెట్టిన పాటను వాళ్ల ఇంట్లోవాళ్లు తప్ప వేరెవరూ విన్న పాపాన పోలేదు. మద్దిలేటి విన్నాడు. విన్నవాడు ఊరుకుంటాడా, నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికే వచ్చాడు. "పాట శానా బాగుండాది పాపా. నడిమిట్ల వచ్చే దరువు యాడిది?" అని అడిగాడు. అదొక చిత్రమైన దరువు. దెబ్బలు గబగబా పరుగెత్తి, ఉన్నట్టుండి ఆగిపోతాయి. ఎవరి జవాబు కోసమో కాచుకున్నట్టు కాసేపు మౌనం. మళ్లీ మొదలు.

శైలజ కమలాపురం బ్యాండుమేళం దస్తగిరి దగ్గర విన్నానంది. దస్తగిరి నందికొట్కూరు పక్క పల్లెలో ఉండే డప్పు నరసింహులు పేరు చెప్పాడు. ముగ్గురం పోయాం. నరసింహులు పండు ముసలి. కుడిచేతికి రెండు వేళ్లు లేవు. "గడ్డి కోసే మిషన్‌లో పోయినాయి" అన్నాడు. మద్దిలేటి పాట వినిపించాడు. ముసలాయన వణికిపోయాడు. శైలజ వైపు వేలు చూపించి, "ఈ ఆడపిల్ల కొడ్తాందా?" అని అడిగి, అవునంటే బొటబొటా కన్నీళ్లు కార్చాడు. మద్దిలేటి అదను చూసి తన ప్రశ్న వేశాడు.

"నీకు ముందర ఎవురు తాతా?"

"ఎవురూ ల్యారు. పోండి" అని తలుపేసుకున్నాడు.

తిరుగుదారిలో మద్దిలేటి, "ఉండారు సారూ. పేరు చెప్పనీకి భయపడేంతటోళ్లు ఎవురో ఉండారు. నేను సచ్చేలోపల తెలుసుకోవల్ల" అన్నాడు. ఆ పేరొక్కటే ఆయన జీవితానికి మిగిలిన కోరిక. ఆ ముసలాయన ఆ రోజు నోరు విప్పి ఉంటే మద్దిలేటి ఈ రోజు మన మధ్య ఉండేవాడు. ఆయన్ను తిడదామంటే నాకు నోరు రాదు, ఎందుకో ముందుముందు మీకే తెలుస్తుంది.

కోయిలకుంట్ల దాపున ఒక పల్లెలో పెళ్లి. మైక్‌సెట్ మద్దిలేటిదే. శైలజ బృందాన్ని పిలిపించి ఊరేగింపు బండి మీద ఎక్కించాడు. మనవరాలి ఉత్సవమన్నంత సంబరం ఆయనకు. బండి ఒక పెద్ద ఇనుప గేటు ముందుకు రాగానే శైలజ ఆ దరువెత్తుకుంది. వీధిలో తలుపులు టపటపా మూసుకోవడం నేను చూశాను. ఒక ముసలామె ఎదురుగా పరుగెత్తుకొచ్చి, "ఈడ గాదు నాయనా, ఆపండి, ఈడ గాదు!" అని గుండెలు బాదుకుంది. మద్దిలేటి మైకుల హోరులో ఆమె మాట ఆయనకే వినపడలేదు.

ఆ ఊరికి మొదటిసారి వెళ్లిన మద్దిలేటికీ, మాకూ తెలియనిది ఏమిటంటే, ఆ గేటు లోపలిది కక్షలు నడిపే పెద్దోళ్ల ఇల్లు. వాళ్ల చేతుల్లో చచ్చిన ప్రతి మనిషి పాడెనూ శ్మశానం దారిలోని దింపుడు కళ్లంలో కాక ఆ గేటు ముందు దింపుతారు. దింపి కొట్టే దరువు ఇదే. 'మీలో ఒకణ్ణి తీస్తాం' అని దానికి అర్థం. అది మోగిన ప్రతిసారీ మరొక శవం లేచిందట.

గేటు తెరుచుకుంది. ఇనుపరాడ్లు, కట్టెలు, ఒకడి చేతిలో వేటకొడవలి. "ఎవుర్రా మా గేటు ముందర సావు దరువు కొట్టేది?" అంటూ మీద పడ్డారు. పెళ్లికొడుకు బాసికంతోనే పారిపోయాడు. కొడవలి దెబ్బకు డ్రమ్ము నిలువునా చీలింది. గిటారు వాయించే పిల్లవాడి మోచెయ్యి విరిగిన చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది. రాడ్డు శైలజ మీదకు లేచేసరికి మద్దిలేటి బండెక్కి అడ్డంగా నిలబడ్డాడు. ఆ క్షణంలో ఏ మనిషైనా దండం పెడతాడు, లేదా బూతు తిడతాడు. ఈయన రెండు చేతులూ ఎత్తి, "కొట్టద్దప్పా! ఈ దరువు నువ్వు యాడ విన్నావో ముందర చెప్పు!" అని అరిచాడు. రాడ్డు తల మీద పడింది. పడినవాణ్ణి మళ్లీ కొట్టారు. నా తెల్లచొక్కా మీద ఆయన నెత్తురు చిందింది. కర్నూలు ఆసుపత్రిలో చేర్చి, శైలజను తోడుంచి నేను కడపకు వచ్చాను, ఆయన మళ్లీ కళ్లు తెరవలేదు. చంపినవాళ్లలో ఇద్దరు పట్టుబడ్డారు, తక్కినవాళ్లు దర్జాగా తిరుగుతున్నారు.

శవం కోయిలకుంట్లకు వచ్చిన రోజు ఆయన బంధువులు, దగ్గరి పల్లెల కుర్రాళ్లు కట్టెలు పట్టుకుని నిలబడ్డారు. "పాడెను బండెక్కించండి. ఆ గేటు ముందరే దింపుదాం" అన్నారు. అప్పుడే నరసింహులు డప్పు చంకన పెట్టుకుని బస్సు దిగి వచ్చాడు. "కొట్టు తాతా, కదులుదాం!" అని కేకలు వేశారు. ఆయన ఒక్క దెబ్బ వేస్తే చాలు, ఆ సాయంత్రానికి ఎన్ని తలలు తెగేవో నేను ఊహించగలను. నిజం చెప్పొద్దూ, నాలోనూ ఆ క్షణాన కసి ఉంది. కొడితే బాగుండుననే అనిపించింది.

నరసింహులు డప్పు కింద పెట్టాడు. "అది పగ దరువు గాదురా నాయనా" అన్నాడు. "మా నాయన డప్పు కొట్టేటోడు. పెద్దోళ్ల తగాదాలో ఆ గేటు ముందర నరికేసినారు. పాడె మోయనీకి ఒక్కడు రాలే. మా యమ్మా, పిల్లోణ్ణి నేనూ ఎత్తి, మోయల్యాక ఆడనే దింపినాం. మా యమ్మకు పిల్చి పిల్చి గొంతు పోయింది. అప్పుడు మా నాయన డప్పెత్తుకోని దాంతో పిల్చింది. పిల్చేది, పలుకుతాడేమోనని ఆగేది. మళ్లా పిల్చేది. ఆ గేటింట్లో వాళ్లు సవాలు అనుకున్యారు. మా యమ్మను ఆడనే సంపి, డప్పు లాక్కుంటాండే నా ఏళ్లు నరికినారు. ఊరోళ్లు దాన్ని పగ జేసుకున్యారు. ఆ గేటోళ్లేమో ఆడది డప్పు పట్టింది, దాని పేరెత్తితే నిన్నూ నరుకుతామన్యారు. నేను ఊరిడ్సి పోయినా, పేరెత్తలే."

కట్టెలు మెల్లగా కిందికి దిగాయి. పాడె గేటు వైపు కాక శ్మశానం వైపు తిరిగింది.

దింపుడు కళ్లంలో పాడె దింపారు. పోయినవాడు ఒకవేళ పలుకుతాడేమోనని చెవిలో పేరుపెట్టి పిలవడం మన ఆచారం. బంధువులు ఒక్కొక్కరే వంగి పిలిచారు. నరసింహులు వంతు వచ్చింది. ఆయన మద్దిలేటి పేరు పిలవలేదు. చెవి దగ్గరకు వంగి, మేమంతా వినేలాగే అన్నాడు.

"నాకు ముందర మా యమ్మ నాయనా. సుంకులమ్మ."

తర్వాత డప్పును శైలజ చేతుల్లో పెట్టాడు. శైలజ ఏడుస్తూనే ఆ దరువు కొట్టి, ఆగవలసిన చోట ఆగింది. పాటల ఊటలను వెతికి వెతికి మన చేతుల్లో పోసిన ఆ మహానుభావుడికి నా వల్ల అయ్యేది ఈ నమస్కారమొక్కటే. రాయలసీమలో పాడేవాళ్లకు కొదవ లేదు, వినేవాళ్లకూ లేదు. ఆ ప్రశ్న అడిగేవాడు ఒక్కడే ఉండేవాడు. దరువు ఆగిన ఆ మౌనంలో మేమంతా ఆయన ముఖం వైపే చూస్తూ నిలబడ్డాం, పలుకుతాడేమోనని.