గుమ్మడికాయ వేలంతో తీరిన నా ఆకలి

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! చుట్టూ కావలసినంత తిండి ఉండి, చేతిలో పళ్ళెం ఉండి, ముద్ద గొంతు దిగక నేను సింగపూర్‌లో పడిపోయాను. అక్కడినుంచి దేవుడు నన్నెలా లేపాడో చెప్పాలనే మీ ముందు నిలబడ్డాను.

సిద్దిపేటలో వడ్ల తూకం దగ్గర పనిచేస్తూ లెక్కలు నాకు నేనే నేర్చుకున్నవాణ్ణని మీకు తెలుసు. యాభై దాటిన నన్ను మన సంఘం సింగపూర్‌లో నెల రోజుల బైబిలు తరగతులకు విద్యార్థిగా పంపింది. టికెట్టు, బస, భోజనం అన్నీ అక్కడి సంఘమే పెట్టుకుంది. కాని నా బుర్ర ఊరుకోదు కదా! కాఫీ కొట్టు ముందు ధర చూశాను, చూసిన వెంటనే దాన్ని నా భార్య కరుణమ్మ పత్తి ఏరే కూలిలోకి మార్చాను. ఒక కప్పు కాఫీ అంటే ఆమె పొద్దంతా నడుము వంచడం! ఇక అన్నం చూసినా చేప చూసినా పళ్ళెంలో వంగిన కరుణమ్మే కనబడేది, పక్కవాళ్ళు సగం తిని పారేస్తే పత్తిచేను మొత్తం చెత్తబుట్టలో పడ్డట్టుండేది. తినడం మానేశాను. ప్రార్థనా మానేశాను, ఎందుకంటే మోకరిస్తే ఒకటే మాట వచ్చేది: "ప్రభువా, వీళ్ళకు గింత ఎందుకు, మాకు గంతే ఎందుకు?"

కరుణమ్మకు ఫోనులో చెబితే తిట్టింది. "ఏందయ్యా గిది, గంత దూరం పోయి ఉపాసం ఉంటున్నవా? నువ్వు తినకుంటే నాకు కూలి ఎక్కువిస్తరా? సక్కగ తిను!"

ఒకరోజు తరగతిలోనే కళ్ళు తిరిగి పడ్డాను. ఆదివారంలోగా తినకపోతే ఇంటికి పంపేస్తామన్నారు. మంచం మీద పడుకునే ప్రార్థించాను: "తండ్రీ, ఈ లెక్క నన్ను తింటున్నది, నేను అన్నం తింటలేను, నువ్వే విడిపియ్యి!"

ఆదివారం వాళ్ళ కృతజ్ఞతా పండుగ. వేదిక ముందు పండ్లు, కూరగాయలు, నడుమ పెద్ద గుమ్మడికాయ. మన దగ్గరైతే ఆరాధన కాగానే కానుకగా వచ్చిన కోడిని, సొరకాయను వేలం వేసి, విలువకు ఎన్నో ఇంతలు పాడి, నవ్వుకుంటూ ఇంటికి పోతాం కదా! విద్యార్థుల తరఫున వందనాలు చెప్పమని నన్ను పిలిచారు. నా మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి రాజు నా పక్కన నిలబడ్డాడు, మన హుస్నాబాద్ పిల్లవాడే, అక్కడ భవనాలు కట్టే కూలి. వందనాలయ్యాయి. పాపం, వేలం మొదలుపెట్టడానికి వీళ్ళకు మనిషి లేడనుకుని, గుమ్మడికాయను భుజానికెత్తి "ఎవరు పాడుతరు?" అని కేకేశాను.

"కాకా, దించు! అది సోకుకు పెట్టిన్రు, అమ్మనీకి కాదు!" అన్నాడు రాజు చెమటలు తుడుచుకుంటూ.

"నువ్వు ఇంగ్లీషుల చెప్పు బిడ్డా, పాట ఆపొద్దు!"

చెప్పాడు. ముందు వరుసలో ఎన్నో ఇళ్ళున్న ఒక ముసలి సంఘపెద్ద మెల్లగా చెయ్యెత్తాడు. వెనకనుంచి ఒక ముసలమ్మ ఎక్కువ పాడింది. ఇక రెచ్చిపోయారు, సహోదరులారా! ఆ ధరను కూలిలోకి మార్చబోయాను, నవ్వు ఆగక లెక్క తప్పింది. మన పిచ్చే వాళ్ళకూ పట్టింది!

పెద్దాయన గెలిచాడు. డబ్బు ఎవరికని పాస్టరుగారు అడిగితే, మా దగ్గర దవాఖాన ఖర్చులకిస్తామన్నాను. తనతో ఉండే ఒక కూలికి కాలు విరిగిందని రాజు చెప్పాడు, డబ్బు అతనికే ఇవ్వడానికి బయల్దేరాం. కాయను ఏం చేయాలో తెలియని పెద్దాయన దాన్ని పట్టుకుని మాతోపాటు కూలీల వసతికి వచ్చాడు. నేను పులుసు పెట్టాను. ఆయన ఒక మంచం అంచున కూర్చుని, ఇరుకు గదిలో ఒకదానిమీద ఒకటి వేసిన మంచాలను చాలాసేపు చూశాడు. "నా ఇళ్ళు కట్టినవాళ్ళు ఎక్కడ పడుకుంటారో నేనెప్పుడూ అడగలేదు" అన్నాడు. రాజు నాకు అది తెలుగులో చెప్పి, "కాకా, కారం తగ్గియ్యి, ముసలాయన సచ్చిపోతడు!" అన్నాడు. అందరం నవ్వాం. ఆ నవ్వులోనే నేను తిన్నాను, మారు అన్నం కూడా అడిగాను! దేవునికే మహిమ!

కరుణమ్మ కూలి పెరగలేదు. ఆ గదీ ఇంకా ఇరుకే, అయితే పెద్దాయన ఇప్పుడు దాని గురించి యజమానులతో కొట్లాడుతున్నాడట. వాళ్ళకంత, మనకింతే ఎందుకో నాకు జవాబు రాలేదు. మీ గుండెలోనూ ఆ ప్రశ్న ఉంటే దాచుకోకండి, దేవుణ్ణే అడగండి, కోపంగానైనా అడగండి. కడుపు మాడ్చుకుని మాత్రం అడగకండి! తినండి, పక్కవాణ్ణి పిలిచి పెట్టండి, మళ్ళీ అడగండి. ఆయన విసుక్కునే దేవుడు కాడు.